ఛాయాస్తంభం: సామాన్య సైనికుని స్మృతి ఎవరి ధర్మం?

యుద్ధంలో ప్రాణం విడిచిన సామాన్య సైనికునికి సమాజం చేసే గౌరవం అతని కర్మకు దక్కిన ఫలమా, లేక బతికి ఉన్నవారు తీర్చవలసిన ఋణమా అన్న ప్రశ్న పైకి రాజనీతికి సంబంధించినదిగా కనిపించినా, లోతుకు వెళ్తే అది కర్మసిద్ధాంతానికి చెందిన ప్రశ్న. అది ఫలమే అయితే, ఆ ఫలాన్ని ముందుగానే చూపి మనిషిని యుద్ధానికి పంపవచ్చు. ఋణమే అయితే, అతడు కోరినా కోరకపోయినా దాన్ని తీర్చక తప్పదు, తీర్చినందుకు ఎవరూ గొప్ప చెప్పుకోవడానికీ వీలుండదు. సైనిక పురస్కారాల చరిత్రను సాధారణంగా ఐరోపా సైన్యాల పతకాలతో మొదలుపెడతారు. కాని పత్తీ మిరపా పండే గుంటూరు, ప్రకాశం నల్లరేగడి నేలల్లో, కృష్ణ ఒడ్డునుంచి గుండ్లకమ్మ ఒడ్డు దాకా, ఈ ప్రశ్నకు పదిహేడు శతాబ్దాలుగా రాతి మీదా ఆచారంలోనూ సమాధానాలు నిలిచి ఉన్నాయి. వాటిని పురాతత్త్వ విశేషాలుగా మాత్రమే చూసి వదిలేయడం న్యాయం కాదు; వాటి వెనుక ఒక ఆలోచన ఉంది, దానికి తత్త్వశాస్త్రంలో చోటివ్వాలి.

సాతవాహనుల తరువాత, క్రీస్తుశకం 3వ శతాబ్దిలో విజయపురి రాజధానిగా ఇక్ష్వాకులు ఈ ప్రాంతాన్ని ఏలారు. ఆ విజయపురినే తరువాతి లోకం నాగార్జునకొండ అని పిలిచింది. 1926లో రంగస్వామి సరస్వతి ఆ లోయలోని అవశేషాలను గుర్తించగా, కొద్దికాలానికే లాంగ్‌హర్స్ట్ తవ్వకాలు సాగించారు. 1955 డిసెంబరు 10న సాగర్ ఆనకట్టకు శంకుస్థాపన జరగడానికి ముందూ తరువాతా, లోయ నీట మునుగుతుందని తెలిసి ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో పెద్దయెత్తున తవ్వి, దొరికినవాటిని కొండమీదికి, ఇప్పటి ద్వీపంలోని మ్యూజియానికి చేర్చారు. అలా చేరినవాటిలో బౌద్ధ శిల్పాలకు వచ్చిన పేరు ఛాయాస్తంభాలకు రాలేదు. ఛాయాస్తంభం అంటే మరణించినవారి రూపాన్ని చెక్కి, పేరు రాసి నిలిపిన స్మారక శిల. పల్నాటి సున్నపురాతితో చేసిన ఈ స్తంభాల పైభాగంలో చనిపోయిన వ్యక్తి జీవిత దృశ్యాలూ, కిందా పక్కలా బ్రాహ్మీ లిపిలో ప్రాకృత శాసనమూ ఉంటాయి. ఇక్ష్వాకు వంశస్థాపకుడైన వాసిష్ఠీపుత్ర శాంతమూలునికి, ఆయన కుమారుడు వీరపురుషదత్తుని 20వ పాలనా సంవత్సరంలో, తల్లులూ అక్కచెల్లెళ్లూ భార్యలూ కలిసి నిలిపిన స్తంభం వీటిలో ప్రసిద్ధమైనది. రాజుకు స్మారకం నిలపడంలో ఆశ్చర్యమేమీ లేదు. ఆశ్చర్యం కలిగించేది అదే పద్ధతిలో, అదే రాతితో, సేనానులకూ యుద్ధంలో పడిపోయిన సైనికులకూ కూడా స్తంభాలు లేవడం. వారి పక్కన ఒక శిల్పికి సైతం అలాంటి గౌరవం దక్కడం.

రాజు స్తంభానికీ సైనికుని స్తంభానికీ పొడవులోనూ పనితనంలోనూ తేడా ఉండవచ్చు, కాని జాతిలో తేడా లేదు. అంతకన్నా గమనించదగినది, స్తంభం నిలిపింది ఎవరన్న విషయం. శాంతమూలుని స్తంభంలో ఆ ఇంటి స్త్రీల పేర్లు వరుసగా ఉన్నాయి. అంటే స్మృతిని నిలిపే బాధ్యత సింహాసనానిది కాదు, ఇంటిది. మృతుణ్ని స్వర్గస్థుడని చెప్పే ఆచారం ఆనాటి శాసనభాషలోనూ ఉంది, నేటి తెలుగువారి మాటల్లోనూ ఉంది. అయితే పోయినవానిని స్వర్గస్థుడనడం వేరు, పోబోయేవానికి స్వర్గాన్ని వాగ్దానం చేయడం వేరు. మొదటిది శ్రద్ధాంజలి, రెండవది బేరం. ఈ తేడాను పట్టుకోకపోతే ఛాయాస్తంభం వెనుకనున్న ధర్మదృష్టి అర్థం కాదు.

ఈ తేడాను శాస్త్రభాషలో చెప్పడానికి మీమాంసకులు చేసిన విభజన పనికొస్తుంది. వేదవిహిత కర్మలను వారు ముఖ్యంగా కామ్యమనీ నిత్యమనీ వేరు చేశారు. ఒక ఫలాన్ని కోరి చేసేది కామ్యకర్మ. స్వర్గాన్ని కోరేవాడు యజ్ఞం చేయాలన్న విధి ఇలాంటిది, కోరిక లేనివానికి ఆ విధి వర్తించదు. సంధ్యావందనం వంటిది నిత్యకర్మ. దాన్ని చేసినందుకు ప్రత్యేకమైన ఫలం రాదు కాని, మానితే ప్రత్యవాయం, అంటే చేయనందువల్ల కలిగే దోషం, అంటుకుంటుందని ఒక ప్రబలమైన పక్షం. మనిషి పుట్టుకతోనే ఋషులకూ దేవతలకూ పితరులకూ ఋణపడి ఉంటాడన్న తైత్తిరీయ సంహితలోని భావనకూ దీనికీ దగ్గరి చుట్టరికముంది. ఇప్పుడు సైనికుని మరణాన్ని రెండు వైపులనుంచి చూడవచ్చు. అతని వైపునుంచి చూసి, అతడు స్వర్గం కోసమో కీర్తి కోసమో ధనం కోసమో పోరాడాడనుకుంటే అది కామ్యకర్మ, అతనికి చేసే గౌరవం దాని ఫలం. బతికినవారి వైపునుంచి చూస్తే, అతని స్మృతిని నిలపడం వారి నిత్యకర్మ. చేస్తే పుణ్యం లేదు, చేయకపోతే దోషముంది. ఛాయాస్తంభాన్ని ఈ రెండవ దృష్టితోనే చదవాలని ఈ వ్యాసం వాదన.

మొదటి దృష్టికి ప్రాచీన భారతదేశంలో అతి స్పష్టమైన రూపమిచ్చినది కౌటిల్యుని అర్థశాస్త్రం. పదవ అధికరణంలో యుద్ధానికి ముందు రాజు సేనను సమావేశపరచి, తానూ వారిలాగే జీతగాడినేననీ, ఈ రాజ్యాన్ని వారితో కలిసే అనుభవించాలనీ చెప్పాలంటాడు. మంత్రీ పురోహితుడూ యజ్ఞాలవల్ల బ్రాహ్మణులు పొందే లోకాలను శూరులు యుద్ధమరణంతో క్షణంలో దాటి పోతారని బోధించాలంటాడు. ఆ వెంటనే సేనాపతి ప్రకటించవలసిన ధరల పట్టిక వస్తుంది: శత్రురాజును చంపినవానికి లక్ష పణాలు, సేనాపతిని గాని యువరాజును గాని చంపినవానికి 50,000, అలా దిగుతూ దిగుతూ మామూలు సైనికుని తలకు 20 పణాలు. వీటిపైన రెట్టింపు జీతం, దోచుకున్నది దోచుకున్నవానికే. సామాన్య సైనికునికి ముందే నిర్ణయించి ప్రకటించిన పురస్కారం ఏదని వెతికితే ఇంతకన్నా పాతది, ఇంత వివరమైనది దొరకడం కష్టం. కౌటిల్యుడు ఇందులో ఏమీ దాచలేదు, ఆ నిజాయితీకి ఆయన్ను మెచ్చుకోవాలి. కాని స్వర్గాన్నీ పణాలనూ పక్కపక్కనే పెట్టినప్పుడు స్వర్గం కూడా జీతంలో భాగమైపోతుందన్నది గమనించక తప్పదు. యుద్ధంలో వెన్నుచూపి చచ్చినవాని పుణ్యమంతా యజమానికి చేరుతుందన్న మనుస్మృతి వాక్యం ఈ లెక్కకు రెండవ పద్దు లాంటిది: గెలిస్తే వేతనం, పారిపోతే జప్తు.

ఈ బేరాన్ని నేరుగా ప్రశ్నించిన గ్రంథం బౌద్ధుల సంయుత్త నికాయంలోని యోధాజీవ సుత్తం. యోధాజీవుడంటే యుద్ధమే జీవనోపాధిగా గలవాడు. అలాంటి యోధనాయకుడొకడు బుద్ధుని దగ్గరికి వచ్చి, పోరులో చచ్చినవారు ఒక ప్రత్యేక దేవలోకంలో పుడతారని పూర్వాచార్యులు చెప్పేవారనీ, దానిపై బుద్ధుని అభిప్రాయమేమిటనీ అడుగుతాడు. బుద్ధుడు ఆ ప్రశ్న వదిలేయమంటాడు. అతడు రెండోసారి అడుగుతాడు, మళ్లీ అదే మాట. మూడోసారి అడిగినప్పుడు ఇక తప్పక చెబుతాడు: ఎదుటివారు చావాలి, నశించాలి అన్న సంకల్పంతో చిత్తం కలుషితమై పోరాడుతూ మరణించినవాడు దేవలోకానికి కాదు, నరకానికి పోతాడని, స్వర్గం దొరుకుతుందన్న నమ్మకం మిథ్యాదృష్టి అని. అది విన్న యోధుడు ఏడుస్తాడు. ఇందుకే కదా నిన్ను అడగవద్దన్నానని బుద్ధుడంటే, అతడిచ్చిన జవాబు ఈ సుత్తానికి ప్రాణం: తాను ఏడుస్తున్నది బుద్ధుడు చెప్పిన మాటకు కాదు, ఇంతకాలం ఆ పాత ఆచార్యులు తనను మోసగించినందుకు. సామాన్య సైనికుని పక్షాన ప్రాచీన సాహిత్యంలో పలికిన మాటల్లో ఇంత బరువైనది అరుదు. ఒక మనిషి తన ప్రాణాన్ని దేనికి ఒడ్డుతున్నాడో అతనికి తెలియనివ్వకుండా చేయడం అతని ప్రాణం తీయడానికి సమానమైన అన్యాయమని ఆ కన్నీరు చెబుతోంది.

విజయపురిలో మహాచైత్యముండేది, అపరమహావినసేలియులకూ బహుశ్రుతీయులకూ మహీశాసకులకూ సింహళ భిక్షువులకూ విహారాలుండేవి. శాంతమూలుడు అశ్వమేధాది యాగాలు చేసినవాడు కాగా, ఆయన సోదరి శాంతిశ్రీ మహాచైత్యానికి గొప్ప దాత. దేవసేనాపతి అయిన కార్తికేయునికీ అక్కడ గుడి ఉండేది. సైనికునికి స్వర్గం లేదనే ధర్మాన్ని ఆదరించిన ఊరే సైనికులకు స్తంభాలు నిలిపింది. ఇది వైరుధ్యంగా తోచవచ్చు, కాని గౌరవాన్ని ఫలంగా కాక ఋణంగా చూస్తే వైరుధ్యం నిలవదు. చచ్చినవాడు ఏ లోకానికి పోయాడన్న విషయంలో యాజ్ఞికుడూ భిక్షువూ ఏకీభవించనక్కరలేదు. అతని పేరు చెరిగిపోకూడదన్న విషయంలో ఇద్దరూ ఏకీభవించవచ్చు. వేర్వేరు మతాలవారు కలిసి బతికిన లోయలో స్మారకశిల ఇంతగా వ్యాపించడానికి, దానికి పరలోకం గురించిన ఒప్పందం అవసరం లేకపోవడమూ ఒక కారణం కావచ్చు.

భగవద్గీతను ఈ సందర్భంలో ఎప్పుడూ ఉదాహరిస్తారు గాని, రెండవ అధ్యాయంలో పక్కపక్కనే ఉన్న రెండు శ్లోకాలలో రెండు దృష్టులూ ఉన్నాయని చెప్పేవారు తక్కువ. 37వ శ్లోకం చస్తే స్వర్గం, గెలిస్తే భూమి అంటుంది; 38వ శ్లోకం సుఖదుఃఖాలనూ లాభనష్టాలనూ జయాపజయాలనూ సమంగా చూడమంటుంది. మొదటిదాన్ని లోకరీతిలో చెప్పిన మాటగా, రెండవదాన్ని సిద్ధాంతంగా వ్యాఖ్యాతలు సమన్వయించారు. సమన్వయం సరైనదే. అయితే సేనలకు చదివి వినిపించేటప్పుడు 37 దగ్గరే ఆగిపోవడం సులభమన్నదీ నిజమే.

మధ్యయుగానికి వచ్చేసరికి ఆంధ్ర, కర్ణాట దేశాలంతటా వీరగల్లులు, అంటే పోరులో పడినవారి శిలలు, విస్తరించాయి. వాటిలో ఎన్నో మూడు అంతస్తులుగా ఉంటాయి: కింద యుద్ధం, నడుమ అప్సరసలు వీరుణ్ని మోసుకుపోవడం, పైన అతడు శివలింగం ముందు కూర్చోవడం. ఛాయాస్తంభంలో జీవితానికున్న చోటు ఇక్కడ పరలోకానికి పోయింది. కన్నడదేశంలో చనిపోయినవాని కుటుంబానికి భూమి ఇచ్చి దాన్ని నెత్తరుగొడగె అనేవారు. అంటే అప్సరసలను చెక్కిన కాలమే, వెనుకనున్నవారికి తిండి కావాలన్న సంగతినీ మరవలేదు. పరలోక వాగ్దానం హద్దు దాటితే ఏమవుతుందో చూడాలంటే శ్రీశైలానికి వెళ్లాలి. అద్దంకిలో మొదలై కొండవీటికి చేరిన రెడ్డిరాజుల్లో అనవేముడు శకవర్షం 1299లో, అంటే 1377-78 ప్రాంతంలో, అక్కడ వీరశిరోమండపం కట్టించాడు. భక్తులు తమ తలలనూ నాలుకలనూ తామే కోసి అర్పించే చోటు అది. వారి భక్తిని తక్కువ చేయడం తగదు. కాని రణరంగంలో శత్రువు అవసరమైన వీరమరణం ఇక్కడ శత్రువు లేకుండానే పూర్తయింది. ఫలమే ప్రధానమైతే యుద్ధంతో కూడా పని లేకుండా పోతుందని ఆ మండపం తెలుపుతోంది.

ప్రకాశం సీమలోని అద్దంకి శాసనం దీనికి భిన్నమైన పాఠం చెబుతుంది. 848 ప్రాంతానిదిగా భావించే ఈ శాసనం తెలుగు పద్యానికి లభించిన తొలి ఆధారాల్లో ఒకటిగా అందరికీ తెలుసు; చాళుక్య గుణగ విజయాదిత్యుని సేనాని పండరంగడు 12 బోయకొట్టాలను జయించి, కట్టెపు దుర్గాన్ని నేలమట్టం చేసి, కందుకూరును బెజవాడలా తీర్చిదిద్దాడని అది కీర్తిస్తుంది. ఛందస్సును చూసి మురిసేవారు అందులో లేనివారిని కూడా చూడాలి. పన్నెండు కొట్టాలు పట్టడానికి ఎందరు సైనికులు చచ్చారో, వాటిని కాపాడుకోబోయి ఎందరు బోయలు చచ్చారో, వారిలో ఒక్కరి పేరైనా లేదు. అక్కడికి ఎంతో దూరం లేని విజయపురిలో ఐదారు వందల ఏళ్లకు ముందే సైనికుని పేరు రాతికెక్కిందని గుర్తుచేసుకుంటే, చరిత్ర ఎప్పుడూ పెద్దలనుంచి చిన్నలవైపే విస్తరిస్తుందన్న నమ్మకం నిలవదు. కొన్నిసార్లు అది వెనక్కి కూడా పోతుంది.

ఆ వెనకబాటును సరిదిద్దింది శాసనం కాదు, ఆచారం. 12వ శతాబ్ది చివరిపాదంలో నలగామరాజుకూ మలిదేవరాజుకూ మధ్య జరిగిన పల్నాటి యుద్ధం కథగా శ్రీనాథుని ద్విపద కావ్యం ద్వారా పండితులకు తెలుసు, వీరవిద్యావంతులు పాడే గాథల ద్వారా ఊళ్లకు తెలుసు. ఆ గాథలను రికార్డు చేసి అధ్యయనం చేసిన జీన్ రోఘైర్ గ్రంథం 1982లో వెలువడింది. యుద్ధభూమిగా చెప్పే కారంపూడిలో, నాగులేటి ఒడ్డున వీరుల గుడి ఉంది. అందులో 66 మంది వీరనాయకులు లింగాలుగా పూజలందుకుంటారు. ప్రతి ఏటా కార్తిక అమావాస్యనుంచి ఐదు రోజులు తిరునాళ్లు జరుగుతాయి: మొదటిరోజు బలితో మొదలయ్యే రాచగావు, తరువాత అలరాజు రాయబారాన్ని తలచే రాయబారం, మందల కోసం జరిగిన పోరును తలచే మందపోరు, కోడిపందాన్ని తలచే కోడిపోరు, చివర వీరులు ఒరిగిన కల్లిపాడు. ఆచారవంతులు, అంటే ఆ వీరుల పరంపరకు చెందిన కుటుంబాలవారు, కొణతాలనే ఆయుధాలను పట్టుకుని వస్తారు. అప్పటికి చేలల్లో పత్తి తీతలు నడుస్తుంటాయి, మిరప ఇంకా పచ్చగానే ఉంటుంది. పని మానుకుని వచ్చినందుకు వారికి దక్కే ప్రత్యేక ఫలమేదీ లేదు. రాకపోతే మాత్రం దోషమని వారి నమ్మకం. మీమాంసకుడు నిత్యకర్మకు చెప్పిన లక్షణం ఇంతకన్నా స్పష్టంగా కనిపించే చోటు దొరకదు.

కారంపూడిలో గమనించవలసిన రెండవ విషయం లింగరూపం. లింగానికి ముఖం లేదు, కిరీటం లేదు, కులాన్ని తెలిపే గుర్తు లేదు. మలిదేవరాజు పక్షాన నిలిచిన మంత్రి బ్రహ్మనాయుడు అన్ని కులాలవారినీ ఒకే పంక్తిలో కూర్చోబెట్టి చాపకూడు తినిపించాడని గాథ. మాల కులానికి చెందిన కన్నమదాసు ఆయనకు సేనాని. బ్రహ్మనాయుని కొడుకు బాలచంద్రునికి తోడుగా నిలిచిన సోదరులు, బ్రాహ్మణుడైన అనపోతురాజు మొదలుకొని, వేర్వేరు కులాలవారు. మందపోరునాడు చాపకూడును ఇప్పటికీ జరుపుతారు. ఊరిలో వివక్ష పోయిందని దీని అర్థం కాదు. పోయిందనడం చనిపోయినవారికీ బతికినవారికీ అన్యాయం చేయడమే. కాని ప్రాణమిచ్చినవారి మధ్య హెచ్చుతగ్గులు ఉండరాదన్న సూత్రాన్ని పల్నాడు ఎనిమిది శతాబ్దాలుగా ఏటా ఒకసారి బహిరంగంగా ఒప్పుకుంటూనే ఉంది. ఒప్పుకున్న సూత్రం ఆచరణను నిలదీయడానికి పనికొస్తుంది.

ఆధునిక పతకం ఈ సూత్రాన్ని ఒప్పుకోకుండానే మొదలైంది. గుంటూరు సర్కారు 1788లో ఈస్టిండియా కంపెనీ చేతికి వచ్చింది. కంపెనీ మద్రాసు సైన్యంలో తెలుగువారు పెద్దసంఖ్యలో ఉండేవారు. 1799 మే 4న శ్రీరంగపట్నం పడిపోయిన తరువాత కంపెనీ ఒక పతకం చేయించి సిపాయిలకు కూడా పంచింది. సామాన్య సైనికులందరికీ ఒకే యుద్ధపు గుర్తు అందడం అప్పటికి గొప్ప సంగతే. పతకం మీద బొమ్మ అందరికీ ఒకటే, పులిని పడగొడుతున్న సింహం. లోహం మాత్రం హోదానుబట్టి మారింది. పెద్దలకు బంగారం, ఆ కింద బంగారుపూత వెండి, వెండి, కంచు, చిట్టచివర సిపాయికి తగరం. 1837లో కంపెనీ ఏర్పరచిన ఆర్డర్ ఆఫ్ మెరిట్ భారతీయ సైనికుని వ్యక్తిగత సాహసానికి ఇచ్చిన తొలి క్రమబద్ధమైన పురస్కారం. మూడు తరగతులుగా ఉన్న దానికి అదనపు జీతం ఉండేది, గ్రహీత మరణిస్తే భార్యకు మూడేళ్లపాటు భృతి ఉండేది. కౌటిల్యుని పట్టికకూ దీనికీ పోలిక స్పష్టమే. అయినా భార్యను లెక్కలోకి తీసుకోవడం ఒక మెట్టు పైకెక్కడమే. మూడేళ్లు దాటాక ఆమె ఆకలి ఎవరి బాధ్యతో ఆ నిబంధనలో లేదు.

ఇక్కడ ఒక గట్టి ఆక్షేపణ వస్తుంది. ఋణమన్నా ఫలమన్నా, చచ్చిన సైనికుణ్ని పూజించడమే తరువాతి తరాన్ని యుద్ధానికి సిద్ధం చేస్తుందనీ, కారంపూడిలో కొణతం పట్టిన పిల్లవాడు అన్నదమ్ముల పోరును తప్పుగా కాక గొప్పగా నేర్చుకుంటాడనీ అనవచ్చు. ఈ ఆక్షేపణను తోసిపుచ్చలేం. దాయాదుల పంతాలతో, కోడిపందంతో రాజుకుని పల్నాటిని బీడుచేసిన యుద్ధం అది. అయితే తిరునాళ్లలో రాయబారం, కోడిపోరు, కల్లిపాడు వరుసగా రావడంలో ఆ యుద్ధం ఎక్కడ ఆగి ఉండవచ్చో, ఎందుకు ఆగలేదో కూడా ఏటా చెప్పినట్టవుతుంది. రాయబారిగా వెళ్లిన అలరాజును విషం పెట్టి చంపిన కథ విన్నవారు, చివరిరోజు ఒరిగినవారిని చూసి పొంగిపోవడం కన్నా నొచ్చుకోవడానికే ఎక్కువ అవకాశముంది. కారణాన్ని దాచి వీరుణ్ని మాత్రమే చూపే స్మారకం యోధాజీవుణ్ని మోసగించిన ఆచార్యుల పనే చేస్తుంది. కారణంతో సహా చెప్పేది ఆ పని చేయలేదు.

ఇంకొక్క సంగతి మిగిలింది. విజయపురి ఛాయాస్తంభాల్లో శిల్పికి దక్కిన స్తంభాన్ని పరిశోధకులు విశేషంగా పేర్కొంటారే గాని, దాని తాత్త్విక బలాన్ని అంతగా పట్టించుకోలేదు. శిల్పి రణంలో చావలేదు, అతనికి అప్సరసలను వాగ్దానం చేసినవారు లేరు, అతని తలకు ఏ శాస్త్రమూ ధర కట్టలేదు. వీరస్వర్గ సిద్ధాంతం ప్రకారం సైనికునికి చేసే గౌరవం అతనికి ఎందుకు చేయాలో చెప్పడం అసాధ్యం. ఋణసిద్ధాంతానికి అది కష్టం కాదు: రాయి చెక్కినవాడూ ప్రాణం ఒడ్డినవాడూ ఇద్దరూ ఊరికి ఏదో ఇచ్చి వెళ్లారు, ఊరు ఇద్దరికీ బాకీపడింది. ఈ లెక్కన చూస్తే సైనికుని స్తంభానికి మూలం అతడు చేసిన యుద్ధంలో కాదు, అతడు లేని లోటును తమ మీద వేసుకున్న ఇంటివారిలో ఉంది.